తడి కోత

బోరబండల రేకుల గోదాం.
పొద్దున ఏడింటికే కాంటా మీద
చీమలు పట్టిన బస్తా.
నా పని లెక్క రాసుడు.
గల్లీలు నాకు బరువుతోటే యాది:
ఎర్రగడ్డ మూడు కిలోల ఆరు వందలు,
మూసాపేట రెండు, సగం నెరిసిందే,
కూకట్‌పల్లి అయిదు దాటుతది,
అదీ రంగేసిన జుట్టు, రేటు రాదు.

చెన్నవ్వ తెస్తది.
భుజాన జోలె, నెత్తిన స్టీలు గిన్నెల గంప.
అపార్ట్‌మెంట్ గేటు బయటే నిలబడి
"చిక్కెంటికలకు గిన్నెలమ్మో" అంటది.
లోపలికి వాచ్‌మన్ రానియ్యడు.
నాలుగో అంతస్తు నుంచి కవరొకటి జారిపడతది.
బాలింతకు ఊడిందా, జ్వరానికి రాలిందా,
కోపంగా దువ్వుకుంటే తెగిందా,
కవరు చెప్పదు.
గుప్పెడు చిక్కుకు టీ జాలి.
రెండు గుప్పెళ్లకు మూతలేని డబ్బా.

నఫీసా ఆపా గుంపు కింద కూసుంటది.
దబ్బనంతోటి ఉండ విప్పి,
మేకుల పలక మీద గుంజి,
ఆరు అంగుళాలు ఇటు, పద్నాలుగు అటు,
ఇరవై దాటిందాన్ని పసిపిల్ల లెక్క ఒళ్లో పెట్టుకుంటది.
సాయంత్రానికి ఆమె చేతులకు
పది వేల ఇండ్ల కొబ్బరినూనె వాసన.

ఇదంతా పోయేది హెనాన్‌కు.
అంజద్ భాయ్ ఒక్కసారి పోయొచ్చిండు.
గోధుమ చేలట, చేల నడుమ ఫ్యాక్టరీలట,
ఒక ఊళ్లె సెల్‌ఫోన్లు బిగిస్తరట,
ఇంకో ఊళ్లె కుడుములు గడ్డకట్టిచ్చి లారీలకెత్తుతరట.
షూచాంగ్ల మాత్రం ఎటు జూసినా తలకాయలే,
కండ్లు లేని ప్లాస్టిక్ తలలు,
వరుసలు వరుసలు జుట్టు కోసం ఎదురుచూసుడే.
"సముద్రం లేని రాష్ట్రం రా అది,
లోకం నెత్తికి టోపీ పెడుతుంది" అన్నడు.
"మనకూ లేదు గద భాయ్."
"సాగర్ అని పేరన్న ఉంది కదా" అని నవ్విండు.

అక్కడ నా లెక్క రాసే మనిషి షావ్‌మిన్.
ఆమె రాసింది ఫోను తెలుగు చేస్తది.
ఒకసారి అడిగిన, మీ దగ్గర జుట్టు లేదా అని.
*మా అమ్మ జడ అమ్మింది. సూదులు, దారం ఇచ్చారు.
ఇప్పుడు ఎవరూ అమ్మరు. ఫ్యాక్టరీ జీతం ఉంది.*
తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత ఇన్వాయిస్ నంబరు వచ్చింది.

వెంట్రుకేసి కొండను గుంజుతున్నమని
సేట్లు అంటుంటరు,
వస్తే కొండ, పోతే వెంట్రుక.
చెన్నవ్వకు వెంట్రుకే కొండ.
పోతే అదే పోతది.

మొన్న శ్రావణంల పోయిందంతా.
అమెరికాల సుంకం పెరిగిందని అక్కడ ఆర్డరు ఆగింది,
అక్కడ ఆగిందని ఇక్కడ కిలో మీద
ఎనిమిది వందలు పడింది.
నడిమి రాష్ట్రపు మగ్గం ఒకటి ఊపిరి బిగబడితే
బోరబండల స్టవ్ ఆరింది.
చెన్నవ్వ జోలెల గిన్నెలు గిన్నెల్లెక్కనే తిరిగొచ్చినయి.

ఆ వారమే మెసేజ్:
*మీ పదకొండో బస్తాలో వెంట్రుకలు ఏడ్చి ఉన్నాయి.
రెండు కిలోలు తగ్గించాలి.*

ఫోనుకు తడి అనే మాట రాలేదేమో.
చెన్నవ్వకు చదివి వినిపించిన.
నీళ్లు చల్లినవా అని అడగలే,
చల్లిందని ఇద్దరికీ తెలుసు,
చల్లకపోతే ఆ వారం బియ్యం లేవని గూడ.
గంప దించి, కొంగుతోటి మెడ తుడుచుకుని
"గంత దూరం ఒక్కతే పోయింది గద బిడ్డా,
ఏడ్వకుంటే ఏం జేస్తది" అంది.

భాయ్ చూసేలోపు లెక్క రాయాలె.
తడి కోత, రెండు కిలోలు, చెన్నవ్వ ఖాతా.
పెన్ను అక్షరాల మీదికి వచ్చి ఆగింది.
బయట ఆటోలకు బస్తాలెక్కుతున్నయి,
ఒకదాని కుట్టు సందుల నుంచి
జానెడు వెంట్రుక
గాలికి ఊగుతుంది, తెగదు, రాదు.